నిమ్మళం సెట్టి స్పీడు కేసు

పోలీసులు కేసు రాస్తే లోకంలో ఎవరైనా ఏం చేస్తారు? తలగుడ్డ మొహం మీదికి లాక్కుని, సందుల్లో గొందుల్లో పడి ఇల్లు చేరి, పెళ్ళానికి కూడా చెప్పకుండా ముసుగు తన్నేస్తారు. అనంతపురంలో బట్టలంగడి పెట్టుకున్న తిప్పేస్వామి మాత్రం తన మీద రాసిన కేసు కాగితానికి అద్దం కట్టించాడు. దాన్ని చంకలో పెట్టుకుని ముదిగుబ్బలో మామగారింటికి వచ్చి, నడవలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన మేకు కొట్టి మరీ తగిలించాడు.

ఆ మేకు మీద పడిన ప్రతి దెబ్బా పెద్దల్లుడు గురుమూర్తి గుండెలోనే దిగింది.

కేసు దేనికయ్యా అంటే, అనంతపురం బజారులో మోటారు సైకిలును హద్దు మీరిన వేగంతో నడిపినందుకు. కాగితం నిండా ఇంగ్లీషు. కింద గుండ్రటి ముద్ర. మామగారు నరసింహప్పకు ఇంగ్లీషు రాదు కాబట్టి, అందులో ఏముందో ఆయనకు ఎంతైనా తెలుసు. వచ్చినవాడినల్లా పటం ముందు నిలబెట్టేవాడు.

“చూడప్పా! మా చిన్నల్లుడు గాలి మాదిరి పోతాడని గవర్నమెంటే రాసిచ్చినాది. ఊరికే నోటితో చెప్పుకునే మాట కాదిది. ముద్ర ఉండాది, ముద్ర!”

అత్తగారు పద్మావతమ్మ ఇంకో మెట్టు పైకి పోయింది. శుక్రవారం పటాలన్నిటికీ కుంకుమ పెడుతూ పెడుతూ ఆ కాగితానికి కూడా ఒక బొట్టు పెట్టేసింది.

గురుమూర్తి ఉండేది అదే ఊళ్ళో, మామగారి వీధికి వెనక వీధిలో. చెనక్కాయల వ్యాపారం. మనిషికి కలిమికేం లోటు లేదు, ఉన్నదల్లా మర్యాదకే లోటు. పొరుగూరి అల్లుడు గడప తొక్కితే “పాయసం చెయ్యండి” అనే మామగారు, ఉన్నూరి అల్లుడు తొక్కితే “వచ్చినావా, ఆ మూట కొంచెం పక్కకు జరుపు” అనేవాడు.

గురుమూర్తికీ మోటారు సైకిలుంది. బెంగుళూరులో మిలిటరీ వాళ్ళు వేలం వేస్తే కొన్నాడు. యుద్ధంలో పనిచేసిన బండి అని అమ్మినవాడు చెప్పాడు గానీ, ఏ పక్షాన పనిచేసిందో చెప్పలేదు. అది చేసే చప్పుడుకు పక్క ఊళ్ళో కుక్కలు లేచి మొరిగేవి. నడక మాత్రం, ఎక్కినవాడు దారిలో కనబడ్డ వాళ్ళందరినీ క్షేమమడిగి, జవాబు కూడా పూర్తిగా విని పోయేంత తీరిగ్గా ఉండేది. అందుకే ఊరు ఊరంతా అతన్ని నిమ్మళం సెట్టి అని పిలుచుకునేది.

ఇదంతా ఎప్పటి నుంచో ఉన్నదే. ఇప్పుడు కొత్తగా మంటెందుకు రేగిందంటే, బావమరిది జయరాముడి పెళ్ళి కుదిరింది. ఆ ఇంటి ఆచారం ప్రకారం పెళ్ళికొడుకును గుర్రం మీద మెరవణి చేయించాలి. గుర్రాన్ని నడిపించే హక్కు అల్లుడిది. నడిపించినవాడికి మామగారు నలుగురి ముందూ తన చేత్తో తలకు జరీ పేటా చుడతాడు. అయితే ఆ ఏడు వాన మొహం చూపలేదు. కదిరిలో ఉన్న ఒక్క గుర్రమూ కరువుకు ఎంత చిక్కిపోయిందంటే, పెళ్ళికొడుకే దాన్ని మోసుకుని ఊరేగాల్సి వచ్చేటట్టుంది.

“గుర్రమొద్దు, మోటారు సైకిలు పెడదాం. పెద్దల్లుని బండి ఉండనే ఉండాది” అని నరసింహప్ప అన్న రోజున గురుమూర్తి నేల మీద నడవలేదు. సంతంతా చెప్పుకున్నాడు. నల్లద్దాలు కొన్నాడు. అద్దం ముందు కూచుని తువ్వాలును పేటాలా చుట్టుకుని, ఎడమ పక్క నుంచి బాగుందా, కుడి పక్క నుంచి బాగుందా అని చూసుకున్నాడు.

అంతలో ఆ పటం వచ్చి గోడెక్కింది. నరసింహప్ప మాట దిగిపోయింది.

“ఏమనుకోవద్దు అల్లుడూ. చిన్నల్లుని బండి కేసున్న బండి. నీ దానికి కేసు గీసు ఏమీ లేదు గదా!” అన్నాడు, పాపం పిల్లలు లేనివాడిని ఓదార్చినట్టు.

ఆ రోజు గురుమూర్తి ఇంటికొచ్చి చెంబెడు మజ్జిగ తాగాడు. చల్లారలేదు. ఇంకో చెంబు తాగాడు. మంట మజ్జిగనే కాచేసినట్టుంది, త్రేనుపు కూడా వేడిగానే వచ్చింది.

“ఏమైంది మీకు? పొయ్యిలో పెట్టిన వంకాయ మాదిరి ఉండారు” అంది భార్య నాగరత్నమ్మ, చేటలో చెనక్కాయ పప్పు చెరుగుతూ.

“ఏమే రత్నా, మీ చెల్లెలి మొగుడు ఏం గొప్ప? నాకంటే పొడుగా?”

“కాదు.”

“నాకంటే తెలుపా?”

“కాదు. మీకంటే కొంచెం తక్కువ మాట్లాడతాడు.”

“వానికి కేసుండాది, నాకు లేదు! అంతే గదా తేడా?”

నాగరత్నమ్మ చెరగడం ఆపింది. “ఆడోళ్ళు నగలు చూసి కుళ్ళుకుంటారంటారు. మగోడు జరిమానా చూసి కుళ్ళుకునేది ఈ ఇంట్లోనే చూస్తాండా.”

“నీకేం తెలుసే? మీ చెల్లెలు రామాంజినమ్మ బావి కాడ ఏమనిందో తెలుసా? మా ఆయన స్పీడుకు నా కొప్పు ఊడిపోయిందని చెప్పుకుంటాండాది!”

“దానిది సవరం. తుమ్మినా ఊడుతాది.”

“నీకు పౌరుషం లేదా? నీ మొగుని బండి ఎక్కితే నీ కొప్పులో పూవన్నా కదిలిందా ఎప్పుడన్నా?”

“కదల్లేదు. మొన్న మీ బండెక్కి మా నాయనింటికి పోతే, పెట్టుకున్న మొగ్గ దారిలోనే విచ్చుకుంది.”

ఇటువంటి పెళ్ళాంతో వాదించడం కంటే పోలీసులతో మాట్లాడుకోవడం మేలనిపించింది గురుమూర్తికి. తిన్నగా స్టేషనుకు పోయాడు.

దఫేదారు నూర్ మహమ్మద్ వరండాలో కూచుని మీసానికి నూనె రాసుకుంటున్నాడు. సర్వీసంతా ముదిగుబ్బ చుట్టుపక్కలే గడిపిన మనిషి. గొర్రెల దొంగలు తప్ప ఇంకో రకం దొంగల్ని చూసి ఎరగడు.

“సాబ్, నా మీద కేసు రాయల్ల.”

దఫేదారు మీసం వదిలేశాడు. “ఏం చేసినావు సెట్టీ? ఎవర్నన్నా కొట్టినావా?”

“లేదు సాబ్. స్పీడు కేసు.”

“ఎవురి బండి?”

“నాదే.”

దఫేదారు నవ్వలేదు. నవ్వితే యూనిఫారానికి మర్యాద కాదని బిగబట్టుకున్నాడు గానీ, బొత్తాలు మాత్రం కదిలాయి. “మొన్న వంక కాడ నా మేక నీ బండిని దాటుకోని పోయిందప్పా. దాని మీద రాయమంటే రాస్తా.”

“నా పరువు పోతాండాది సాబ్! ఏదో ఒకటి రాసేయి. నువ్వు చెప్పిన చోట సంతకం పెడతా.”

“తప్పుడు కేసు నా చేత్తో రాయను సెట్టీ. పైన అల్లా ఉండాడు, అనంతపురంలో ఎస్పీ ఉండాడు.” గొంతు తగ్గించాడు. “ఒక పని చేస్తాం. సంత రోజు కొత్త ఎస్సై తనిఖీకి వస్తాండాడు. ‘ఈ ఊర్లో స్పీడు మీద నిఘా ఉండాదా’ అని అడిగినాడంట. నిఘా పెట్టడానికి ఈడ స్పీడు ఉంటే గదా! నువ్వు దిన్నె మీద నుంచి దిగి రా. వంక మీద మోరీ కాడ మా కానిస్టేబులు ఎర్రగుడ్డ ఊపుతాడు, సత్రం కాడ నేను వాచీ పట్టుకోని ఉంటా. నిజంగా హద్దు దాటితే రాస్తా. నీకు కేసు దొరుకుతాది, నాకు మంచి పేరు దొరుకుతాది.”

గురుమూర్తి దఫేదారు రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. కేసు నుంచి విడిపించమని పట్టుకునే చేతులే గానీ, పెట్టమని పట్టుకున్న చేతులు ఆ స్టేషను గోడలు అదివరకు చూడలేదు.

అక్కణ్నుంచి సైకిల్‌షాపు ఇమాం హుస్సేన్ దగ్గరికి పోయాడు. ఆ ఊళ్ళో మోటారు సైకిలు రోగాలకూ అతనే వైద్యుడు.

“హుస్సేనూ, దీన్ని గాలి మాదిరి పోయేట్టు చెయ్యల్ల.”

ఇమాం హుస్సేన్ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. “బరువు ఎక్కువన్నా. తగ్గించల్ల.” అంటూ దీపం పీకాడు. మడ్‌గార్డులు పీకాడు. వెనక సీటు పీకాడు. స్టాండు పీకాడు. చివరికి నిలబడి గురుమూర్తి బొజ్జ వంక చూశాడు.

“అది పీకేది కాదులే” అన్నాడు గురుమూర్తి, పొట్ట లోపలికి లాక్కుంటూ. “బ్రేకు తీసేస్తే? అదుండబట్టే గదా వేగం తగ్గేది?”

“బ్రేకు తీసేది లేదన్నా. అయినా అది పనిచేసి చానా దినాలైంది, ఉన్నా నీకు అడ్డం రాదు.”

సంత రోజు వచ్చింది. గురుమూర్తి నల్లద్దాలు పెట్టుకుని, పంచె గోచీ బిగించి, బండిని దిన్నె పైకి తోయించాడు. కింద సత్రం అరుగు మీద ఎస్సైకి కుర్చీ వేశారు. పక్కన ముంతలో మజ్జిగ పెట్టారు. దఫేదారు వాచీ చేతిలో పట్టుకుని, నెలవంక కోసం చూసినట్టు దిన్నె వైపు చూస్తున్నాడు.

గురుమూర్తి కులదేవతను తలుచుకుని కిక్కు కొట్టాడు. బండి దగ్గింది. మళ్ళీ కొట్టాడు. తుమ్మింది. ఇంకొకటి కొట్టేసరికి ఒక్క గర్జన గర్జించి, నల్లటి పొగ వదిలి, కదిలింది. పల్లం దొరికేసరికి నిజంగానే పరుగెత్తసాగింది. గురుమూర్తికి చెవుల్లో గాలి వినబడింది. జన్మలో మొదటిసారి అతని బండి మీద అతనికి గాలి తగిలింది.

“ఒరే తిప్పేస్వామీ! చూసుకోరా!” అని అరిచాడు ఆకాశానికి.

ఆకాశం చూసినవాడికి రోడ్డు కనబడదు గదా. గొర్రెల లక్ష్మన్న మందను రోడ్డు దాటిస్తున్నాడు. ఒక గొర్రె దాటితే మిగతావన్నీ దాటాల్సిందే. మధ్యలో మోటారు సైకిలొచ్చినా, మహారాజొచ్చినా ఆగేది లేదు.

గురుమూర్తి బ్రేకు తొక్కాడు. ఇమాం హుస్సేన్ చెప్పినట్టే అది అడ్డం రాలేదు. బండి మంద అంచున ఒరిగి, రోడ్డు దిగి, కళ్ళం పక్కన పశువుల మేతకు వేసిన చెనక్కాయ కట్టె వామిలో ముక్కు గుచ్చుకుని ఆగింది. గురుమూర్తి మాత్రం ఆగక, వామి ఎక్కి, అవతల దిగి కూలబడ్డాడు. ఎముక ఒక్కటీ విరగలేదు. నల్లద్దాల్లో ఒకటి మిగిలింది. గొర్రెలు ఇదంతా తమకు పెట్టిన విందే అనుకుని వామి చుట్టూ మూగి మేయసాగాయి. ఒకటి అతని పంచె అంచు కూడా రుచి చూసింది.

లక్ష్మన్న భయపడి సంతలోకి కేకేశాడు. “సెట్టి గొర్రెల్లో పడినాడప్పో!”

సంతలో పడిన మాట ఎదగకుండా ఉంటుందా? మిరపకాయల అంగడి కాడికి వచ్చేసరికి సెట్టి కాలు విరిగింది. తమలపాకుల బుట్ట దాటేసరికి లారీ గుద్దింది. పక్కింటి అమీర్ బీ పరుగున మోసుకొచ్చేసరికి మాటకు ఏడుపు కూడా తోడైంది.

“రత్నక్కా! మీ సెట్టి... దిన్నె కాడ... లారీ... నేను చెప్పలేనక్కా!”

నాగరత్నమ్మ చేట విసిరేసింది. వాకిట్లో ఎద్దులబండి కట్టి ఉంది. తోలే మనిషి టీకి పోయాడు. ఆమె నరసింహప్ప పెద్దకూతురు, పెళ్ళికి ముందు తండ్రి పొలంలో ఎద్దుల్ని అదిలించి పెరిగిన చెయ్యి. కొంగు బిగించి, నొగ మీద నిలబడి, పగ్గాలు చేతికి చుట్టుకుని ఒక్క కేక పెట్టింది.

“హేయ్! పోండ్రా! మీ సెట్టి పోతాండాడు!”

ఎద్దులకు ఏమర్థమైందో గానీ తోకలు పైకి లేచాయి. వంకాయల బుట్టలు దొర్లాయి. కోళ్ళు ఇంటికప్పులు ఎక్కాయి. సంత చీలి రెండు పాయలైంది.

సత్రం అరుగు మీద ఎస్సై లేచి నిలబడ్డాడు. “దఫేదార్! ఏదో స్పీడుగా వస్తోందే. అదేనా నువ్వు చెప్పిన మోటారు సైకిలు?”

దఫేదారు దుమ్ము వైపు చూశాడు. రావలసిన దిక్కు ఇది కాదు. రావలసిన చప్పుడూ ఇది కాదు. అయినా వాచీ నొక్కాడు. అది ఉద్యోగ ధర్మం.

దుమ్ములోంచి ముందు కొమ్ములు వచ్చాయి. వెనక నాగరత్నమ్మ వచ్చింది. ఎస్సై విజిల్ ఊదాడు. “ఆపు! బండి ఆపు!”

“మొగుడు పోతాండాడు సామీ, నీ ఈల తరవాత!”

చక్రం కుర్చీ కాలికి తగిలింది. కుర్చీ ముంతకు తగిలింది. ఎస్సై టోపీ మజ్జిగలో తేలింది. అవతల మోరీ కాడ కానిస్టేబులు ఎర్రగుడ్డ ఒక్కసారి ఊపి, బండికి దారిచ్చి వంకలోకి దూకాడు.

నాగరత్నమ్మ కళ్ళం దగ్గర పగ్గాలు లాగేసరికి, వామి పక్కన ఒంటి నల్లద్దంతో, నెత్తిన చెనక్కాయ ఆకులతో గురుమూర్తి కూచుని ఉన్నాడు.

“బతికుండారా?” అంది.

“బతికే ఉండా లే.”

“లారీ ఏదీ?”

“ఏం లారీ? నన్ను గుద్దింది గొర్రె!”

నాగరత్నమ్మ నొగ మీదే కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, ఆ ఊపిరితోనే తిట్లు మొదలుపెట్టింది. “మీ స్పీడు మండిపోను! మీ కేసు కాలిపోను! నా ప్రాణం గొంతులోకి తెచ్చినారు గదయ్యా!”

ఆమె ఒక దమ్ము తిట్టి రెండో దమ్ముకు ఆగేసరికి ఎస్సై, వెనకే దఫేదారు, రొప్పుతూ వచ్చారు. ఎస్సై టోపీలోంచి మజ్జిగ ఇంకా కారుతోంది.

“దఫేదార్, కేసు రాయి. అమిత వేగంగా, అజాగ్రత్తగా పశువులను తోలినందుకు. పేరేమిటమ్మా?”

గురుమూర్తి ఆకులు దులుపుకుని ఒక్క గెంతు గెంతాడు. “సార్ సార్! నా పేరు రాయండి! బండి నాది. ఎద్దులు నావి. ఆడమనిషి కూడా నాదే!”

“పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి?”

“ఆమె చేతిలోనే సార్. ఇంట్లో కూడా ఆమె చేతిలోనే. అయినా కేసు మాత్రం నా మీద...”

“తోలినవారి మీదే కేసు.”

“సాబ్!” అని దఫేదారు కాళ్ళవేళ్ళా పడ్డాడు గురుమూర్తి. “మనం అనుకున్నదేమి, నువ్వు చేస్తాండేదేమి?”

“నిజంగా హద్దు దాటినోళ్ళ మీద రాస్తానంటి గదా సెట్టీ,” అన్నాడు నూర్ మహమ్మద్ కాగితం పట్టుకుని పెన్సిలు ముల్లు నాకుతూ. “దాటినోళ్ళు మీ ఇంటోళ్ళు. నువ్వు మోరీ దాకా కూడా రాకపోతివి.”

కదిరి మేజిస్ట్రేటు ముందు కూడా ఇదే తంతు. “ఎందుకమ్మా అంత వేగం?” అని ఆయన అడిగితే, “మొగుడు పడినాడంటే నిమ్మళంగా పోయింటే ఇంకో కేసు పెట్టేవోళ్ళు గదా సామీ” అంది నాగరత్నమ్మ. ఆయన చిరునవ్వు నవ్వి, చట్టానికి ఎంత తక్కువలో తృప్తి కలుగుతుందో అంతే జరిమానా వేశాడు. గురుమూర్తి దాన్ని తన చేత్తోనే కట్టి, రసీదు వెలుతురుకు పట్టి చూసుకున్నాడు.

“రత్నా! నా పేరు కూడా ఉండాది చూడు! ‘గురుమూర్తి భార్య నాగరత్నమ్మ’ అని!”

“మురిసిపోండి.”

నరసింహప్ప కొత్త కాగితానికి కొత్త అద్దం కట్టించాడు. రెండు పటాలూ పక్కపక్కన చూసి తూకం వేశాడు.

“చిన్నల్లుడు పెట్రోలు పోసి పోయినాడు. మా రత్నమ్మ గడ్డి వేసి పోయింది. ఏది గొప్ప? ఎస్సై టోపీ ఎవురు తీయించినారు? చిన్నల్లుడూ, నీకు కేసు రాసినప్పుడు ఎస్సై టోపీ యాడుండె?”

“తలమీదే మామా” అన్నాడు తిప్పేస్వామి. ఆ మాట అనడానికి అతనికి చాలా కష్టమైంది.

పెళ్ళి మెరవణి ఎద్దులబండి మీదే జరిగింది. లోపల జయరాముడు, ముందు నొగ మీద నాగరత్నమ్మ. ఆడకూతురికి పేటా చుట్టే ఆచారం లేక నరసింహప్ప ఆ జరీ గుడ్డను రెండు ముక్కలు చేసి ఎద్దుల కొమ్ములకు చుట్టాడు. బాజాలు మోగాయి. రామాంజినమ్మ కూడా కొప్పు ఒక చేత్తో పట్టుకుని అక్క పక్కనే ఎక్కి కూచుంది.

బండి వెనక, దుమ్ములో, అల్లుళ్ళిద్దరూ నడిచారు. చాలాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. పేటా చుట్టుకున్న కొమ్ములు అటూ ఇటూ ఊగినప్పుడల్లా ఇద్దరికీ ఒకే చోట మండింది. చివరికి తిప్పేస్వామే దగ్గరికి జరిగి, ఎవరూ వినకుండా అడిగాడు.

“అన్నా, ఒక మాట. ఆ ఎద్దులకు వదిన ఏం పెడతాది?”

గురుమూర్తి బండిలోంచి ఎగిరి తన తలలో పడిన చెనక్కాయ ఆకు ఒకటి ఏరి పారేశాడు.

“నాకు పెట్టేదే పెడతాది తమ్ముడూ. పొద్దున తిట్లు, సాయంత్రం తిట్లు. వాటికే ఒంటబట్టినాది.”